ఏకేనా, గలీలా? వియత్నాం కవాతు తుపాకుల ఆనవాళ్లు

సంక్షిప్తంగా: వియత్నాం కవాతుల్లో ఈమధ్య ఎక్కువగా కనిపిస్తున్న కొత్త రైఫిల్ పేరు ఎస్‌టీవీ. ఆ దేశంలోనే తయారవుతోంది. ఏకే పోలికలు, ఇజ్రాయెల్ గలీల్ ఏస్ పోలికలు రెండూ ఉండటంతో ఫొటో చూసినవాళ్లు తలా ఒక పేరు చెబుతున్నారు. బట్ (భుజానికి ఆనించే భాగం), సైట్ (గురి చూసే సాధనం), రెయిల్ (పరికరాలు బిగించే పట్టీ) వంటి విడిభాగాలు మారిపోయేవి కాబట్టి వాటిని చూసి తుపాకీని గుర్తుపట్టలేం. మ్యాగజైన్ (తూటాలు పట్టే పెట్టె) వంపు, కాకింగ్ హ్యాండిల్ (వెనక్కి లాగే పిడి) ఉన్న పక్క, బ్యారెల్ మూతి చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఏ తుపాకీ ఎందుకు వచ్చిందో తెలియాలంటే మాత్రం అది వాడే తూటాను చూడాలి.

వియత్నాం ఏడాదిన్నర వ్యవధిలో మూడు పెద్ద కవాతులు చేసింది. మొదటిది దియెన్ బియెన్ ఫులో ఫ్రెంచి సేన ఓడిపోయి 70 ఏళ్లయిన సందర్భంగా 2024 మే 7న జరిగింది. ఉత్తర వియత్నాం చేతికి సైగాన్ చిక్కి 50 ఏళ్లయినందుకు 2025 ఏప్రిల్ 30న హో చి మిన్ సిటీలో మరొకటి, స్వాతంత్ర్య ప్రకటనకు 80 ఏళ్లు నిండినందుకు సెప్టెంబర్ 2న హనోయి బా దిన్ స్క్వేర్‌లో ఇంకొకటి జరిగాయి. మూడింటి వీడియోలూ ప్రపంచమంతా తిరిగాయి. నల్ల దుస్తుల్లో, గళ్ల కండువాలతో నడిచిన దక్షిణాది మహిళా గెరిల్లాల దళానికి ఎంత పేరొచ్చిందో, సైనికుల చేతుల్లోని తుపాకుల మీద అంత చర్చ నడిచింది. ఒకే ఫొటోలోని ఒకే రైఫిల్‌ను ఒకరు ఏకే-47 అన్నారు, ఇంకొకరు రష్యా కొత్త ఏకే-15 అన్నారు, మరొకరు ఇజ్రాయెల్ గలీల్ అని తేల్చేశారు.

ముగ్గురిలో ఎవరూ పూర్తిగా తప్పు కాదు, ఎవరూ ఒప్పు కూడా కాదు. ఈ గందరగోళం చూసేవాళ్ల అజ్ఞానం వల్ల వచ్చింది కాదు. ఆ తుపాకీ పుట్టుకలోనే ఉంది.

ముందు మ్యాగజైన్ వంపు చూడాలి

ఫొటోలో తుపాకీ కనిపించగానే చాలామంది మొదట చూసేది రంగు, బట్, పైన బిగించిన రెడ్ డాట్ సైట్. ఇవన్నీ చొక్కాలాంటివి. చొక్కా మారితే మనిషి మారడు. అరవై ఏళ్ల నాటి ఏకేకు కూడా ప్లాస్టిక్ హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగు), మడత బట్, పైన ఒక రెయిల్ తగిలిస్తే నిన్న మొన్న తయారైనట్టే ఉంటుంది. వియత్నాం ఫ్యాక్టరీలు పాత ఏకేలకు ఇలాంటి ముస్తాబు చేసిన ఎస్‌టీఎల్ రకాలు కూడా ఉన్నాయి. అందుకే సులువుగా మార్చలేని భాగాల దగ్గర మొదలుపెట్టాలి. వాటిలో మొదటిది మ్యాగజైన్.

ఏకే వాడే 7.62×39 మి.మీ. తూటా (మొదటి అంకె గుండు లావు, రెండోది తూటా గొట్టం పొడవు) మొదట్లో లావుగా, ముందుకు పోయేకొద్దీ సన్నంగా ఉంటుంది. క్యారెట్లను పడుకోబెట్టి, లావు చివరలన్నీ ఒక పక్కకే ఉండేలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే ఆ దొంతర నిటారుగా నిలవదు, ఒక పక్కకు వంగిపోతుంది. ముప్పై తూటాలు పట్టే ఏకే మ్యాగజైన్ అరటిపండులా వంగి ఉండటానికి కారణం ఇదే. ఎం16 వాడే 5.56 మి.మీ. తూటాకు ఇంత ఏటవాలు లేదు. దాని 20 రౌండ్ల మ్యాగజైన్ నిటారుగానే ఉంటుంది, 30 రౌండ్లది కాస్త వంగుతుంది. రష్యా 5.45 మి.మీ. రైఫిళ్ల మ్యాగజైన్ ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది.

కాబట్టి మ్యాగజైన్ వంపు చూస్తే తుపాకీ పేరు తెలియకపోయినా అది ఏ తూటా తింటుందో తెలుస్తుంది. వియత్నాం కవాతు ఫొటోల్లో ఇంత చర్చ రేపిన కొత్త రైఫిళ్లన్నిటికీ ఉన్నది ఆ అరటిపండు వంపే. రష్యా 5.45 రైఫిళ్లు, అమెరికా తరహా 5.56 రైఫిళ్లు ఆ ఒక్క ఆనవాలుతోనే పక్కకు పోతాయి. ఏకే-15 కూడా 7.62×39 తూటాదే కాబట్టి అది ఈ వడపోతలో మిగిలిపోతుంది. దాన్ని వేరు చేయడానికి ఈ వంపు ఒక్కటే చాలదు.

కుడి పక్క కనిపించే హ్యాండిల్

కవాతులో సైనికుడు రైఫిల్‌ను ఛాతీకి అడ్డంగా వేసుకుని నడుస్తాడు. కుడి చెయ్యి పిస్టల్ గ్రిప్ దగ్గర, బ్యారెల్ అతని ఎడమ వైపు. అంటే ఎదురుగా నిలబడి ఫొటో తీసేవాడికి తుపాకీ కుడి పక్క కనిపిస్తుంది, ఎడమ పక్క సైనికుడి ఛాతీకి ఆనుకుని ఉంటుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఏకేనా గలీల్ ఏస్‌నా అన్న తగువును తీర్చేది ఇదే.

ఏకే కుటుంబంలో కాకింగ్ హ్యాండిల్, అంటే తూటాను గదిలోకి ఎక్కించడానికి వెనక్కి లాగే పిడి, కుడి పక్కన ఉంటుంది. బోల్ట్‌తో పాటే ముందుకూ వెనక్కూ కదులుతుంది. అది కదలడానికి ఒక గాడి ఉంటుంది. ఆ గాడిని మూయడానికి పొడవాటి రేకు లాంటి సేఫ్టీ లివర్ ఉంటుంది. లివర్ పైకి ఉంటే తుపాకీ సేఫ్‌లో ఉన్నట్టు, మధ్యలో ఉంటే ఆటోమేటిక్, పూర్తిగా కిందికి దించితే ఒక్కో రౌండ్ చొప్పున పేలుతుంది. ఆటోమేటిక్ మధ్యలో, సింగిల్ చివర్లో ఉండటం ఏకే కుటుంబానికి ఉన్న వింత అలవాటు.

గలీల్ ఏస్ తయారు చేసినవాళ్లు ఈ హ్యాండిల్‌ను ఎడమ పక్కకు మార్చారు. కుడి చెయ్యి గ్రిప్ మీదే ఉండగా ఎడమ చేత్తో లాగవచ్చన్నది లెక్క. అందువల్ల అసలైన ఏస్‌ను కవాతులో ఎదురుగా చూస్తే హ్యాండిల్ కనిపించదు, ఛాతీ వైపు దాగి ఉంటుంది. వియత్నాం ఎస్‌టీవీలో హ్యాండిల్ మళ్లీ కుడి పక్కకు వచ్చేసింది. పైభాగం చూస్తే ఏస్‌లా కవర్ మీద పొడవునా రెయిల్ ఉంటుంది, కుడి పక్క చూస్తే ఏకేలా హ్యాండిల్, లివర్ ఉంటాయి. ఎస్‌టీవీ గురించి ఒక్క వాక్యమే చెప్పాలంటే ఇదే చెప్పాలి: పైనుంచి ఏస్, పక్కనుంచి ఏకే.

ఎస్‌టీవీ అంటే వియత్నామీస్‌లో ‘సుంగ్ ట్రువోంగ్ వియెత్ నామ్’, అంటే వియత్నాం రైఫిల్ అనే అర్థం. వెనక వచ్చే అంకె బ్యారెల్ పొడవు, మిల్లీమీటర్లలో. ఎస్‌టీవీ-215 పొట్టిది, ఎస్‌టీవీ-380 మధ్యరకం, ఎస్‌టీవీ-410, 416 పూర్తి పొడవువి. ఎస్‌టీవీ-022 అనే పేరుకు మాత్రం ఈ సూత్రం వర్తించదు. 22 మి.మీ. బ్యారెల్ అంటే బొటనవేలంత కూడా ఉండదు మరి.

215ను పోల్చుకోవడం సులువు. హ్యాండ్‌గార్డ్ అయిపోగానే బ్యారెల్ కూడా దాదాపు అయిపోతుంది. వాహనాల్లో తిరిగే సిబ్బందికి, ఇరుకు చోట్ల పనిచేసే దళాలకు పనికొచ్చే పొడవు అది. 380కి, 410కి మధ్య తేడా మూడు సెంటీమీటర్లే. కదులుతున్న దళాన్ని దూరం నుంచి తీసిన ఫొటోలో ఆ మూడు సెంటీమీటర్లను కొలిచి చెప్పడం కుదిరే పని కాదు. అలా ఖచ్చితంగా చెప్పేవాళ్ల మాటను కొంచెం అనుమానించడమే మంచిది.

గలీల్ కూడా ఏకే చుట్టమే

అసలు ఏకేనా గలీలా అన్న ప్రశ్నలోనే ఒక లోపం ఉంది. అవి రెండు వేరు కుటుంబాలు కావు. సోవియట్ ఏకేను చూసి ఫిన్లాండ్ ఆర్‌కే 62 రైఫిల్ చేసుకుంది. దాన్ని ఆధారం చేసుకుని ఇజ్రాయెల్ గలీల్ తయారు చేసి 1970ల మొదట్లో సైన్యానికి ఇచ్చింది. అరబ్ సేనల దగ్గరున్న ఏకేలు ఇసుకలోనూ ఆగకుండా పేలడం, తమ రైఫిళ్లు మొరాయించడం ఇజ్రాయెల్ సైనికులు యుద్ధంలో కళ్లారా చూశారు. గలీల్ పుట్టడానికి ముఖ్యమైన ప్రేరణ అదే. తొలి గలీల్ నమూనాలకు ఫిన్లాండ్ రిసీవర్లనే (తుపాకీ యంత్రాంగం ఇమిడే ప్రధాన భాగాలనే) వాడారు. ఈ గలీల్‌కు 2000ల చివర్లో చేసిన కొత్త రూపం ఏస్.

ఆ వరసలో చూస్తే ఏకే సోవియట్ యూనియన్‌లో పుట్టి, ఫిన్లాండ్, ఇజ్రాయెల్ మీదుగా తిరిగి, వియత్నాం చేరిందన్నమాట. వియత్నాం దగ్గర అప్పటికే సోవియట్, చైనా ఏకేలు లక్షల్లో ఉన్నాయి. ఒకే తాతకు పుట్టిన రెండు శాఖలు అక్కడ మళ్లీ కలిశాయి. ఎస్‌టీవీ ఆ కలయిక ఫలితం.

కలయిక జరిగిన చోటు హనోయికి దక్షిణాన ఉన్న థాన్ హోవా ప్రాంతంలోని జెడ్111 ఫ్యాక్టరీ. అది రక్షణ పరిశ్రమల విభాగం కింద నడుస్తుంది. ఇజ్రాయెల్ కంపెనీ ఐడబ్ల్యూఐతో ఒప్పందం చేసుకుని గలీల్ ఏస్ 31, ఏస్ 32 రైఫిళ్లను అక్కడ తయారు చేసే ఏర్పాటు 2014లో బయటికి తెలిసింది. రెండూ 7.62×39 తూటా వాడేవే. ఏస్ 31 బ్యారెల్ 215 మి.మీ. ఎస్‌టీవీలో పొట్టి రకం అంకె కూడా అదే కావడం యాదృచ్ఛికం కాదనుకోవాలి. లైసెన్సు మీద చేసిన తుపాకీ నుంచి యంత్రాలు, కొలతలు, పనితనం నేర్చుకుని, సైనికులకు అలవాటైన ఏకే పద్ధతికి దాన్ని మళ్లించారు. 2022 డిసెంబర్‌లో హనోయిలో జరిగిన తొలి అంతర్జాతీయ రక్షణ ప్రదర్శనలో ఈ దేశీ రైఫిళ్లను విదేశీ అతిథుల ముందు పెట్టారు. ఆ తర్వాతి కవాతుల్లో అవి దళాలకు దళాల చేతుల్లో కనిపించాయి.

హ్యాండిల్‌ను తిరిగి కుడికి ఎందుకు తెచ్చారన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. యూరప్, అమెరికా పోకడలో ఎడమ హ్యాండిల్ మెరుగైనది. కానీ రిజర్వు సైనికులతో, మిలీషియాతో (పౌరుల సాయుధ దళాలతో) కలిపి లక్షల మంది ఏకే మీదే శిక్షణ పొందిన దేశంలో చేతి అలవాటు కూడా ఒక ఆస్తే. పాత తుపాకీ నుంచి కొత్త తుపాకీకి మారినవాడు చీకట్లో, కంగారులో హ్యాండిల్ కోసం వెతుక్కోకూడదు.

తూటా వదలని అలవాటు

వియత్నాం ఆయుధాల చరిత్రలో ఒక పాత అలవాటు పదే పదే కనిపిస్తుంది. తుపాకీ ఎవరిదైనా సరే, అది తమ దగ్గరున్న తూటా తినాలి. ఫ్రెంచి సేనల దగ్గర పట్టుకున్న మ్యాట్-49 సబ్ మెషిన్ గన్ 9 మి.మీ. తూటాది. ఆ తూటాలు దొరకవు. సోవియట్, చైనాల నుంచి వచ్చే 7.62×25 మి.మీ. పిస్టల్ తూటా మాత్రం పుష్కలం. దాంతో మ్యాట్-49 బ్యారెల్ మార్చేసి, ఆ తూటాకు సరిపోయేలా మలుచుకున్నారు. చైనా టైప్ 50 తుపాకీని తీసుకుని, దాని బ్యారెల్ చుట్టూ ఉన్న చిల్లుల తొడుగును కురచ చేసి, ఫ్రెంచి తుపాకీ తరహా తీగ బట్ తగిలించి కే-50ఎం చేసుకున్నారు, అది కూడా ఇదే తూటా వాడేది. చారిత్రక దళాల చేతుల్లో ఇలాంటివి కనిపిస్తే ఏ దేశానిదని అడగడం కన్నా ఎన్ని దేశాలదని అడగడం సబబు.

ఆ పిస్టల్ తూటా ఇప్పటికీ పోలేదు. వియత్నాం అధికారుల నడుముకు దశాబ్దాలుగా ఉన్న కే54 పిస్టల్ సోవియట్ టోకరేవ్‌కు చైనా నకలు, 8 రౌండ్లు పడతాయి. దానికి పిడి లావు చేసి 13 రౌండ్లు పట్టేలా జెడ్111 చేసిన రకం కే14. తూటా మాత్రం అదే 7.62×25. కవాతులో పిస్టళ్లు తోలు ఒరల్లో ఉంటాయి కాబట్టి ఈ తేడా చూసేవాళ్ల కంట పడదు.

ఎస్‌టీవీ 7.62×39 దగ్గరే ఆగడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. ఈ తూటా తయారుచేసే ఫ్యాక్టరీలు సిద్ధంగా ఉన్నాయి, గోదాముల్లో నిల్వలున్నాయి, మిలీషియా దగ్గర ఏకేలున్నాయి. కొత్త రైఫిల్‌లో పాత ఏకే మ్యాగజైన్ పడుతుంది. కొత్త తూటాకు మారాలంటే తుపాకీ ఒక్కటే మారిస్తే సరిపోదు, దాని వెనకున్న మొత్తం వ్యవస్థను మార్చాలి.

చెక్క బట్‌ల కాలం నాటివి

కొత్త రైఫిల్ పక్కనే పాతవి కూడా కవాతులో నడుస్తాయి. వీటిలో ముందుగా చెప్పుకోవాల్సింది ఎస్‌కేఎస్. పొడవాటి చెక్క బాడీ, పిస్టల్ గ్రిప్ ఉండదు, కింద 10 రౌండ్ల బిగింపు పెట్టె, బ్యారెల్ కింద మడిచిన బయొనెట్ (తుపాకీకి బిగించే కత్తి). తూటా మాత్రం ఏకేదే. యుద్ధానికి పాతబడినా దాని పొడవూ, గీత గీసినట్టుండే ఆకారమూ లాంఛనాలకు బాగా నప్పుతాయి. అందుకే వియత్నాం గౌరవ వందన దళాల చేతుల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

వియత్నాంలో దీన్ని ఎస్‌కేఎస్ అనరు, సీకేసీ అంటారు. రష్యన్ లిపిలో ఎస్ అక్షరం చూడటానికి ఇంగ్లిష్ సీలాగే ఉంటుంది. రష్యన్‌లో ఉన్న పేరును వియత్నామీయులు తమ లిపిలో చదువుకున్నారు. ఆ పేరే స్థిరపడింది. ఆర్‌పీజీ-2 రాకెట్ లాంచర్ వాళ్లకు బీ40, ఆర్‌పీజీ-7 బీ41. వియత్నాం వార్తల్ని యంత్ర అనువాదంలో చదివేవాళ్లు ఈ పేర్లు చూసి కొత్త ఆయుధాలనుకోవడం మామూలే. ఆ గందరగోళానికి మూలం తుపాకీ కాదు, అక్షరం.

తర్వాత పాత ఏకేలు. ఇవి అన్నీ ఒకటి కావు. ఇనుప దిమ్మను చెక్కి చేసిన పాత ఏకేకు మ్యాగజైన్ పైన, రిసీవర్ పక్కన పొడవాటి చెక్కుడు కనిపిస్తుంది, పై కవర్ నున్నగా ఉంటుంది. రేకును వంచి చేసిన 1959 నాటి ఏకేఎంకు ఆ చోట చిన్న గుంట ఉంటుంది, పై కవర్ మీద అడ్డంగా ఉబ్బెత్తు గీతలుంటాయి, బ్యారెల్ మూతికి కలం మొనలా ఏటవాలుగా కోసిన ముక్క ఉంటుంది. చైనా టైప్ 56 కవర్ నున్నగానే ఉంటుంది కానీ ముందు సైట్ చుట్టూ పూర్తి వలయం ఉంటుంది. సోవియట్ ఏకేల్లో ఆ వలయం పైన తెరుచుకుని, రెండు చెవుల్లా ఉంటుంది. చైనా రకంలో చాలావాటికి బ్యారెల్ కింద మడిచిన మేకు లాంటి బయొనెట్ కూడా ఉంటుంది. వియత్నాం యుద్ధకాలం నాటి ‘ఏకే-47’ ఫొటోల్లో పెద్ద భాగం నిజానికి ఈ టైప్ 56లే. ముందు సైట్ ఒక్కటి గమనిస్తే సగం ఫొటోల కింద రాసిన పేర్లు మార్చాల్సి వస్తుంది.

శత్రువు వదిలి వెళ్లిన గోదాములు

1975లో సైగాన్ ప్రభుత్వం కూలినప్పుడు ఉత్తర వియత్నాం చేతికి చిక్కిన అమెరికా ఆయుధాల లెక్క సామాన్యమైంది కాదు. అమెరికా రక్షణ శాఖ అంచనా ప్రకారం ఎం16 రైఫిళ్లే దాదాపు 7.91 లక్షలు. అన్ని తుపాకులు ఒక్కసారిగా చేతికొచ్చాక వాటిని పారేయడానికి ఏ సైన్యానికీ మనసొప్పదు. పైన చెప్పిన తూటా సూత్రానికి ఇది మినహాయింపు. ఇక్కడ తూటాలు కూడా తుపాకులతో పాటే గోదాముల్లో దొరికాయి.

ఎం16ను పోల్చుకోవడం పెద్ద కష్టం కాదు. పైన సంచి పిడి లాంటి క్యారీయింగ్ హ్యాండిల్, ముందు త్రికోణాకారపు సైట్, నల్లటి శరీరం. దీని పొట్టి రూపాలు కూడా వియత్నాంలో వాడుకలో ఉన్నాయి. ఎం79 గ్రెనేడ్ లాంచర్ ఇంకా సులువు. కురచ బ్యారెల్‌తో, మధ్యలోకి విరిచి గుండు పెట్టే వేటతుపాకీలా ఉంటుంది. ఇవి కవాతులో కనిపిస్తే అమెరికాతో కొత్త ఒప్పందం కుదిరిందని కొందరు రాసేస్తారు. వియత్నాంకు ఆయుధాలు అమ్మకూడదన్న నిషేధాన్ని అమెరికా 2016లో పూర్తిగా ఎత్తేసిన మాట నిజమే. కానీ సైనికుడి చేతిలోని ఎం16కూ ఆ నిర్ణయానికీ సంబంధం లేదు. ఆ రైఫిల్ ఆ దేశంలో యాభై ఏళ్లుగా ఉంది.

ట్రిగ్గర్ వెనక మ్యాగజైన్

నౌకాదళానికి చెందిన మెరైన్ల చేతుల్లో ఇంకో ఇజ్రాయెల్ రైఫిల్ కనిపిస్తుంది, టవోర్. దీన్ని చూడగానే తెలిసిపోయే లక్షణం మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు వెనక ఉండటం. తుపాకీ యంత్రాంగమంతా బట్ లోపలికి వెళ్లిపోవడంతో బ్యారెల్ పొడవు తగ్గకుండానే మొత్తం తుపాకీ పొట్టిదవుతుంది. పడవల్లో ఎక్కి దిగే దళాలకు అది సౌకర్యం. టవోర్ 5.56 మి.మీ.ది, అంటే వియత్నాం ప్రధాన తూటా కాదు. చిన్న దళానికి ప్రత్యేకమైన తూటా సరఫరా చేయొచ్చు, మొత్తం సైన్యానికి చేయాలంటే కష్టం.

అయితే మ్యాగజైన్ వెనక ఉన్న ప్రతిదీ టవోర్ కాదు. చైనా క్యూబీజెడ్-95 కూడా అదే తరహా. 2025 ఏప్రిల్ కవాతులో చైనా, లావోస్, కంబోడియా దళాలు, సెప్టెంబర్‌లో వాటికి తోడు రష్యా దళం పాల్గొన్నాయి. ఒక నిమిషం వీడియోలో నాలుగైదు దేశాల యూనిఫాంలు దాటిపోతుంటే, అతిథుల తుపాకీని ఆతిథ్య దేశం ఖాతాలో వేయడం తేలిక. తుపాకీ కన్నా ముందు టోపీ, భుజం పట్టీ, జెండా చూడాలి. వియత్నాం ప్రత్యేక దళమైన దక్ కోంగ్ దగ్గర మైక్రో ఊజీ, స్నైపర్ల దగ్గర చెక్క బట్‌లో పెద్ద ఖాళీ ఉన్న ఎస్‌వీడీ కూడా ఉన్నాయి. అవి ఎవరూ పొరబడే రకాలు కావు.

ఫొటో చేసే మోసం

ఆనవాళ్లన్నీ తెలిసినా ఫొటో మోసం చేయగలదు. అన్నిటికన్నా పెద్ద మోసం తిరగేసిన బొమ్మ. ఛాతీకి అడ్డంగా ఉన్న ఏకేలో హ్యాండిల్ కనిపిస్తుంటే, బ్యారెల్ చూసేవాడి కుడి చేతి వైపు ఉండాలి. హ్యాండిల్ కనిపిస్తూ బ్యారెల్ ఎడమ వైపు ఉంటే ఆ ఫొటోను ఎవరో అద్దంలోలా తిప్పేశారని అర్థం. సోషల్ మీడియాలో కాపీరైట్ తప్పించుకోవడానికి వీడియోలను తిప్పడం మామూలైపోయింది. అలాంటి వీడియోలో కుడి హ్యాండిల్ ఎడమకు మారి, ఎస్‌టీవీ కాస్తా గలీల్ ఏస్ అయిపోతుంది. యూనిఫాం మీద అక్షరాలు తిరగబడ్డాయా అని చూస్తే ఈ మోసం బయటపడుతుంది.

ఇంకొక పొరపాటు, కవాతులో కనిపించినదే సైన్యమంతటికీ ఉందనుకోవడం. కవాతు దళాలకు ఒకే ఎత్తువాళ్లను ఏరినట్టే ఒకే రకం కొత్త తుపాకులను ఏరుతారు. నెలల తరబడి సాధన చేయిస్తారు. అది ఆ దేశం చూపించాలనుకున్న ముఖం. మారుమూల పోస్టులో కాపలా ఉన్నవాడి భుజాన ఏముందో అది చెప్పదు.

మన కవాతులో ఇదే కథ ఇంకోలా

మన రిపబ్లిక్ డే కవాతు చూసి పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ కథ కొత్తేమీ కాదు. త్రీ నాట్ త్రీ తర్వాత ఎస్‌ఎల్‌ఆర్, దాని తర్వాత ఇన్సాస్ వరసగా కవాతు మార్గంలో నడిచాయి. ఇన్సాస్ కూడా ఎస్‌టీవీ లాంటి కలగూరగంపే. లోపలి యంత్రాంగంలో ఏకే పోలిక ఉంటుంది, హ్యాండిల్ మాత్రం ఎస్‌ఎల్‌ఆర్‌లా ఎడమ పక్కన ఉంటుంది. తేడా ఎక్కడంటే, భారత్ ఇన్సాస్‌తో 5.56 తూటాకు మారింది. దశాబ్దాల తర్వాత అమేఠీ దగ్గర కోర్వాలో రష్యాతో కలిసి 7.62×39 తూటా వాడే ఏకే-203లు చేస్తోంది. 2021 డిసెంబర్‌లో కుదిరిన ఒప్పందం 6 లక్షలకు పైగా రైఫిళ్లకు. పక్కనే అమెరికా సిగ్ 716 కూడా కొన్నారు, అది 7.62×51 తూటాది.

వియత్నాం ఒకే తూటా పట్టుకుని తుపాకీని మార్చుకుంటూ వచ్చింది. భారత్ తుపాకీతో పాటు తూటాను కూడా మార్చి, మళ్లీ వెనక్కి వచ్చింది. రెంటికీ కారణాలున్నాయి. మనకు ఎత్తైన కొండల్లో దూరం కొట్టాల్సిన అవసరం, వాళ్లకు అడవుల్లో దగ్గర పోరు. అయినా సరఫరా విషయంలో వియత్నాం దారే సులువైనదని ఒప్పుకోవాలి. టవోర్ మాత్రం ఇద్దరికీ ఉంది. మన నౌకాదళం మార్కోస్, వైమానిక దళం గరుడ్ కమాండోల చేతుల్లో కనిపించేది అదే.

ఇక ముందు

ఎస్‌టీవీ పెద్ద సంఖ్యలో తయారవుతున్న కొద్దీ పాత ఏకేలు మొదట రిజర్వులకు, అక్కడినుంచి గ్రామ, ఫ్యాక్టరీ మిలీషియాలకు దిగుతాయి. తూటా, మ్యాగజైన్ ఒకటే కాబట్టి ఈ మార్పు నిదానంగా, పెద్ద ఇబ్బంది లేకుండా సాగే అవకాశం ఎక్కువ. కవర్ మీద స్థిరమైన రెయిల్ వచ్చింది కాబట్టి రాత్రి చూపు పరికరాలు, రెడ్ డాట్ సైట్లు మామూలు సైనికుడి దాకా చేరే వీలు కలిగింది. పాత ఏకేలో పై కవర్ వదులుగా ఉండి, దాని మీద బిగించిన సైట్ గురి తప్పేది. అయితే సైట్ బిగించే చోటు ఉండటం వేరు, సైట్లు కొనడం వేరు. ఒక మంచి సైట్ ధర ఒక్కోసారి తుపాకీ ధరకు దగ్గరగా వస్తుంది. తర్వాతి కవాతులో ముందు వరసలోని రైఫిళ్లకు సైట్లు ఉన్నాయా అన్నది ఎవరైనా చూస్తారు. ఏడో ఎనిమిదో వరసలోనూ ఉన్నాయా, మహిళా మిలీషియా దళం భుజాన ఉన్నది చెక్క బట్‌దా నల్ల బట్‌దా అన్నది చూస్తే ఈ మార్పు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.